కారు నెత్తిన క్యారియర్, ముందు సీట్లో పనసకాయ

మా కారు చిన్నది. ఆ సంగతి నాకు తెలుసు, ఒకరు చెప్పనక్కర్లేదు. అయినా రెండు వేసవుల కిందట మా ఆడపడుచు భర్త సింహాచలం అన్నయ్య కోటబొమ్మాళిలో తన ఇంటి ముందు నలుగురూ వింటూండగా చెప్పాడు: "సెల్లెమ్మా, మీది అగ్గిపెట్టి. అగ్గిపెట్టిలో పుల్లలు పడతాయి గానీ సైకిలేటి పడతాది?"

అంతకుముందు ఫోనులో ఆయనే అన్నాడు, రెండు సైకిళ్లూ తన పెద్ద బండి మీద కళింగపట్నం తీసుకెళ్తానని. ఆ మాట నమ్మి మా హారిక సైకిల్‌ని విజయనగరం నుంచి లగేజీ ఆటోలో పంపించాం. తీరా బయల్దేరే వేళకు బియ్యం బస్తాకు చోటు కావాలని దాన్ని దింపించి, తన కొడుకు సైకిల్ ఒక్కటే కట్టించాడు. మూడు రోజులు ఆ కుర్రాడు సముద్రం ఒడ్డున తొక్కుతూంటే నా కూతురు ఇసకలో కూర్చుని చూసింది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నేను మరిచిపోయేదాన్నేమో.

నేను రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదురుగా దస్తావేజులు రాసే మనిషిని. హద్దులూ సాక్షులూ లేకుండా ఏదీ రాయను. పై మాటకు సాక్షులు నలుగురు. నలుగురూ ఇప్పటికీ బతికే ఉన్నారు.

ఈ జూన్‌లో హారిక ఇంటర్ చదువుకు హాస్టల్లో చేరుతోంది. అక్కడ పొద్దున్న గంట కొడతారు, రాత్రి గంట కొడతారు, మధ్యలో సైకిల్ అన్న మాట లేదు. కాబట్టి ఈ మే నెలలోనే, ఎవరి పెద్ద బండీ అక్కర్లేకుండా, మా అగ్గిపెట్టె మీదే ఆ సైకిల్ కళింగపట్నం చేరాలి. హారిక తొక్కాలి, నేను చూడాలి. అంతే నా కోరిక.

విజయనగరం: పెట్టెనా, బుట్టా?

క్యారియర్లు అమ్మే షాపాయన మా ఆయనతోనే మాట్లాడాడు. ప్రశ్న నేనడిగితే జవాబు ఆయనకి చెప్పాడు. "పైన బాక్స్ పెట్టించండి సార్. వాన పడదు, దుమ్ము పడదు, తాళం ఉంటాది. మేడమ్‌కి తెలీదు గానీ..." అన్నాడు. మేడమ్‌కి ఏం తెలీదో చెప్పకుండానే ఫోన్ వస్తే వెళ్లిపోయాడు. ఇంతవరకూ చెప్పలేదు.

పెట్టె ఇరవై ఎనిమిది వేలు. నల్లగా, పొడుగ్గా, నున్నగా మెరుస్తోంది. మా అత్తమ్మ లేకుండా మేం ఎక్కడికీ వెళ్లం. మడతమంచం లేకుండా ఆవిడ ఎక్కడికీ రాదు. అందుకే ఆవిణ్ణి కూడా షాపుకు తీసుకెళ్లాం. ఆవిడ పెట్టె చుట్టూ ఒకసారి తిరిగి, "ఒలే, ఇదేటే, పీనుగుని ఎట్టీ పెట్టిలాగున్నాది! దీన్ని నెత్తి మీదెట్టుకుని సుట్టాలింటికి ఎల్తావా?" అంది. పక్కనే అదే పెట్టె బేరమాడుతున్న మరో కుటుంబం చేతులు వెనక్కి తీసుకుంది. పైగా మంచం అందులో పట్టదని టేపు పెట్టి కొలిస్తే తేలింది.

అక్కణ్ణుంచి పైడిరాజు మేస్త్రి వెల్డింగ్ షెడ్డుకు వెళ్లాం. ఆయన ఇనప కడ్డీలతో పైన తెరిచి ఉండే బుట్ట క్యారియర్లు చేస్తాడు. ఆరున్నర వేలు. ఆయన నన్నే అడిగాడు: "పైన ఏటేటి ఎడతారమ్మా?" మంచం, రెండు సంచులు, ఒక చాప అన్నాను. "మీ కారు పుస్తకంలో పైకప్పు ఏభై కేజీలు మోస్తాదని రాసుంటాది. సదివినారా?"

చదివాను. ఆ మాట అనగానే ఆయన నాకు కుర్చీ వేశాడు.

"ముప్పయ్యేల్లయి ఈ పని సేస్తన్నాను. ఆ పేజీ సదివినోలు మీరే. బుట్ట బరువే పన్నెండు. మీకు మిగిలింది ముప్పయ్యెనిమిది. అదీ మద్దెలో ఎట్టాల. మర్సిపోకండి."

నేను మరిచిపోవడమా!

సైకిల్‌ని కూడా పైనే నిలబెట్టొచ్చట. "గానీ ఎత్తు మర్సిపోయి ఏ గేటు కిందకో దూరినారనుకోండి, సైకిలు గేటు కాడ, మీరు ఇంటికాడ" అన్నాడు మేస్త్రి. అందుకని పైన బుట్ట పెట్టించి, సైకిల్‌కి వెనక డిక్కీ తలుపు అంచులకు కొక్కేలు తగిలించి పట్టీలతో బిగించే స్టాండు తెప్పించాను. మా ఆయన ముప్పావుగంట బిగించాడు. నేను గట్టిగా ఊపి చూశాను. కారు ఊగింది గానీ సైకిల్ ఊగలేదు. ఆ సాయంత్రం పనేమీ లేకపోయినా ఆ అలంకారంతో కోట చుట్టూ రెండుసార్లు తిరిగి వచ్చాం. అయోధ్య మైదానం దగ్గర ఎవరో చెయ్యి ఊపారు. ఎవరో తెలీదు, నేను రెండు చేతులూ ఊపాను.

రణస్థలం: ఫ్లాస్కు ఎక్కడుంది?

పొద్దున్నే బయల్దేరాం. నాతవలస దాటి పెద్ద రోడ్డెక్కేసరికి ఎండ పక్క నుంచి పడి, మా కారు నీడ రోడ్డు మీద కిరీటం పెట్టుకుని పరుగెత్తుతోంది. హారిక వెనక అద్దంలోంచి చూస్తూ, "అమ్మా, సైకిల్ చక్రం గాలికి దానంతటదే తిరుగుతోంది. నేనెక్కకుండానే వెళ్లిపోయేలా ఉంది" అంది. ఆ నవ్వు చూసి నాకూ నవ్వాగలేదు. ఎందుకు నవ్వుతున్నామో తెలియక మా ఆయన కూడా నవ్వుతూ ఒక లారీకి దారిచ్చాడు.

రణస్థలంలో పెసరట్టు తిన్నాం. ముప్పై రూపాయలు, మా ఊళ్లో నలభై. అల్లం ముక్కలు లెక్కపెట్టుకోకుండా వేశారు. అప్పుడు అత్తమ్మ కాఫీ ఫ్లాస్కు అడిగింది. ఫ్లాస్కు డిక్కీలో ఉంది. డిక్కీ తలుపు మీద స్టాండు ఉంది. స్టాండు మీద సైకిల్ ఉంది.

ఈ సంగతి కొనే ముందు నాకు ఒక్కరూ చెప్పలేదు. స్టాండుతో వచ్చిన కాగితంలో రంగురంగుల బొమ్మలున్నాయి. బొమ్మలోని కుటుంబానికి అత్తగారు లేరు.

సైకిల్ దింపాం, స్టాండు విప్పాం, ఫ్లాస్కు తీశాం, మళ్లీ అన్నీ బిగించాం. ఆటోవాళ్లు ఇద్దరు వచ్చి చూస్తూ నిలబడ్డారు. అత్తమ్మ ఒక గుటక తాగి, "నా పళ్లసెట్టు కూడా అందులోనే ఉన్నాది" అంది.

"మామ్మా, రేత్రికి తీసుకోరాదా?" అన్నాడు ఒక ఆటో అతను.

"అయితే అందాకా నాను నవ్వకూడదా?" అంది అత్తమ్మ.

ఆ మాటకు వాళ్లిద్దరే ముందుకొచ్చి సైకిల్ దింపారు.

శ్రీకాకుళం పొలిమేరలో కానిస్టేబుల్ చెయ్యెత్తాడు. "నంబరేదమ్మా?" అన్నాడు. సైకిల్ వెనకాల ఉందన్నాను. "నాను వొంగుని సూడాలా?" అని నిజంగానే వంగాడు. వంగితే నడుం పట్టేసింది. మా ఆయన పట్టుకుని లేవదీశాడు. ఫైను రాయలేదు గానీ, నంబరు ఒక పలక మీద రాయించి సైకిల్‌కు కట్టమన్నాడు. అది న్యాయమైన మాట. న్యాయమైన మాటలను కూడా నేను గుర్తుపెట్టుకుంటాను.

అరసవల్లి: ఆరు నిమ్మకాయలు

లాడ్జీలకు బోర్డులు రాసే ఒకాయన గుడి వీధిలో దొరికాడు. పలక మీద మా నంబరు రాసి, ఊరుకోలేక చుట్టూ తీగలూ పువ్వులూ వేశాడు. మా కారు వెనక నుంచి శుభలేఖలా తయారైంది. తర్వాత గుడి బయట బండికి పూజ. నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టగానే అత్తమ్మ, "సైకిల్‌కి ఎట్టరేటి? దానికి దిస్టి తగలదా?" అంది. సైకిల్‌ని దింపి దాని చక్రాల కింద మరో రెండు పెట్టాం. హారిక దాన్ని నడిపించి నిమ్మకాయలు చిదిపేసింది. రసం చిమ్మి పంతులుగారి పంచె మీద పడింది. ఆయన తుడుచుకుంటూ, "శుభం" అన్నాడు.

ఆ రాత్రి బస చేసిన లాడ్జీ యజమానురాలు పొద్దున మా బండి మీదకు చూసి నిలబడిపోయింది. "కోటబొమ్మాలేనా ఎల్తన్నారు? మా సెల్లిదీ ఆ ఊరే. పైన అంత కాలీ ఉన్నాది కదా. ఈ కొబ్బరికాయలు అందించీండమ్మా." గోనె అప్పటికే తెచ్చేసింది. ముప్పయ్యెనిమిదిలో పదకొండు పోయాయి.

మా వైపు పొరుగింటి గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వరు. ఏమీ లేకపోతే చిటికెడు పంచదార అయినా వేసి ఇస్తారు. పైకి నోరు తెరుచుకుని ఉన్న మా బుట్ట దారి పొడుగునా జనానికి అలాంటి గిన్నెలాగే కనిపించింది. నరసన్నపేటలో టీ తాగిన చోట ఒక ముసలాయన, మమ్మల్ని ఎప్పుడూ చూడనివాడు, తాటిముంజెల చిన్న గెల ఒకటి ఎత్తి పైన పెట్టాడు. డబ్బు ఇవ్వబోతే, "కాలీగా ఎల్తే బాగోదమ్మా" అన్నాడు. అప్పుడు తెలిసింది నాకు మూసిన పెట్టె విలువ. అందులో ఏముందో, ఎంత చోటుందో ఎవడికీ కనపడదు. ఆ షాపాయన తాళం గురించి చెప్పాడు గానీ మొహమాటం గురించి చెప్పలేదు. ఇంటిల్లిపాదీ చుట్టాల ఊళ్ల మీదుగా వెళ్లేవాళ్లు పెట్టే కొనుక్కోండి. పీనుగు పెట్టెలా ఉన్నా సరే.

ముంజెలు మాత్రం అమృతం. కారు ఆపి చెట్టు నీడన తిన్నాం. హారికకు రసం మోచేతుల దాకా కారింది.

కోటబొమ్మాళి: రెండో మాట

మా ఆడపడుచు పార్వతి వీధిలోకి పరుగెత్తుకొచ్చి తల్లిని కావలించుకుంది. సింహాచలం అన్నయ్య మాత్రం బండి చుట్టూ నింపాదిగా తిరిగాడు. పలక మీది పువ్వులు చూశాడు.

"ఓరి బావా! అగ్గిపెట్టికి టోపీ ఎట్టినారేటి?" అన్నాడు మా ఆయనతో.

ఇది రెండోది. రాసుకున్నాను.

ఆ రాత్రి పార్వతి పెట్టిన పనసపొట్టు కూర గురించి అబద్ధం రాయలేను. మా ఇంట్లో ఆవ ముక్కుదాకా వస్తుంది. అక్కడ నెత్తిదాకా వెళ్లి, కళ్లల్లోంచి దిగింది. మూడుసార్లు వడ్డించుకున్నాను. అన్నయ్య చూస్తూనే ఉన్నాడు. చూడనీ.

పొద్దున లేచి వచ్చేసరికి డిక్కీ తెరిచి ఉంది. రాత్రి డిక్కీలో సామాను దించడానికి సైకిలూ స్టాండూ విప్పి అరుగు మీద పెట్టాం, ఆ సందు చూసి అన్నయ్య సర్దేశాడు: పాతిక కేజీల కొత్త బియ్యం బస్తా, రెండు పనసకాయలు, ఊరగాయ జాడీ. కొబ్బరికాయలు దిగి ఖాళీ అయిన పైబుట్టలో మామిడికాయల గంప. డిక్కీ తలుపు మూతపడక కొబ్బరితాడుతో కట్టాడు. తలుపు మూతపడకపోతే స్టాండు కొక్కేలు తగలవు. కొక్కేలు తగలకపోతే సైకిల్‌కు చోటు లేదు.

"సైకిలు ఈడుంటాది సెల్లెమ్మా. ఎక్కడికెల్లిపోతాది? తిరిగొచ్చినప్పుడు ఒట్టుకెల్లండి" అన్నాడు.

అదే ఇల్లు, అదే అరుగు, అదే సైకిల్.

వద్దనడానికి నోరు తెరిచాను. పార్వతి తెల్లారకముందే లేచి పనసకాయలు కోయించిందని, చేతులకు ఇంకా పాలు జిగురుగా ఉన్నాయని చూశాను. అత్తమ్మ బియ్యం బస్తాను పసిపిల్లను నిమిరినట్టు నిమురుతోంది. కూతురు పెట్టింది. ఆ బస్తా దింపితే ఆవిడ ఒక్క మాటా అనదు, అదే భయం. మా ఆయన ఆకాశం చూస్తున్నాడు. ఇలాంటప్పుడు ఆయన ఎప్పుడూ ఆకాశమే చూస్తాడు.

హారిక అరుగు మీదకు వెళ్లి, సైకిల్‌కు కట్టిన నంబరు పలక ముడి విప్పడం మొదలుపెట్టింది. "పర్లేదమ్మా. ఉండనీ" అంది నా వైపు చూడకుండా.

నన్ను ఎన్నో మాటలన్నారు. అన్నీ నా దగ్గరున్నాయి. ఆ 'పర్లేదు' అంత గట్టిగా ఏదీ తగల్లేదు.

"ఆ ముడి విప్పకు" అన్నాను. "అన్నయ్యా, నా బరువు అరవై నాలుగు. మీ బస్తా, రెండు పనసకాయలు, జాడీ కలిపినా అంత లేవు. అవి నా సీట్లో కూర్చుంటాయి. డిక్కీ మూసి స్టాండు బిగించండి. నేను బస్సుకి వస్తాను."

"ఓలమ్మ! పనసకాయకి కారు, పెళ్లానికి బస్సా బావా!" అని అన్నయ్య పడీపడీ నవ్వాడు. మూడోది. "ఇంత మంకుతనం ఏటి సెల్లెమ్మా!" నాలుగోది. నేను అప్పటికే చెప్పులేసుకుంటున్నాను.

అత్తమ్మే ముందు కదిలింది. బస్తా కాళ్ల దగ్గర పెట్టించి, పెద్ద పనసకాయను నా సీట్లో కూర్చోబెట్టి, "దానికి బెల్టు ఎయ్యరా. పోలీసోడు మల్లీ వొంగుతాడు" అంది కొడుకుతో. ఆయన నిజంగానే బెల్టు పెట్టాడు. సింహాచలం అన్నయ్య నవ్వు ఆపుకోలేకపోతూనే సైకిల్ ఎత్తి పట్టుకున్నాడు. పట్టీలు ఆయన చేతే బిగింపించాను. ఒకటి వదులుగా ఉంటే మళ్లీ బిగించమన్నాను.

పల్లెవెలుగు: చుట్టకుదురు

ఇప్పుడు ఆడవాళ్లకు బస్సులో టిక్కెట్టు సున్నా. శ్రీకాకుళంలో మారి కళింగపట్నం బస్సెక్కాను. పక్కన ఖాళీ సత్తు బేసిన్లు ఒళ్లో పెట్టుకున్న ఒక చేపలావిడ, పేరు ఎర్రమ్మ. పొద్దున్నే చేపలు తెచ్చి అమ్మేసి తిరిగి వెళ్తోంది.

"ఒక్కదానివే ఎల్తన్నావేటమ్మా? మీ ఓలెవులూ లేరా?"

"కార్లో వెళ్లారు."

"నువ్వేటి మరి?"

"నా సీట్లో పనసకాయ ఉంది."

ఆవిడ నా మొహం చూసి, ఇది మామూలు సంగతి కాదని, మొదట్నుంచి చెప్పమంది. చెప్పాను. అగ్గిపెట్టె దగ్గర్నుంచి చెప్పాను. ముందు సీటువాళ్లు తిరిగి కూర్చున్నారు. బెల్టు దగ్గరికి వచ్చేసరికి కండక్టర్ కడ్డీ పట్టుకుని వంగిపోయి నవ్వుతున్నాడు. ఒకావిడ, "మీ ఆడబిడ్డ మొగుడు మా ఊరోడైతే సూపించీదాన్ని" అంది. ఇంతకాలం నా ఫిర్యాదులు ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పుకున్నాను. బస్సుకు బస్సు నా పక్షాన ఉండడం ఇదే మొదలు. ఒళ్లంతా తేలిపోయింది.

ఎర్రమ్మకు క్యారియర్ అంటే ఏమిటో చెప్పాల్సి వచ్చింది. విని, నడుంలో దోపుకున్న గుడ్డ తీసి చుట్ట చుట్టి చూపించింది. నెత్తిన తట్ట కింద పెట్టుకునే చుట్టకుదురు. "మాకిదే. కింద ఇది మెత్తగా ఉండాల, పైన బరువు మద్దెలో ఉండాల. ముందుకెడితే మెడ ఒంగుతాది, ఎనక్కెడితే కాల్లు తేలతాయి. నలబయ్యేల్లు నాను మోసినాను. ఏ పుస్తకమూ సదవనేదు."

పైడిరాజు మేస్త్రి చెప్పిందీ ఇదే. ఆయన ఆరున్నర వేలు తీసుకున్నాడు.

కళింగపట్నం

ఊరు రాకముందే ఎండు చేపల వాసన వచ్చింది. రోడ్డు పక్క వలల మీద నెత్తళ్లు వెండి రేకుల్లా ఆరబోసి ఉన్నాయి. బస్సు ఆగేచోట హారిక సైకిల్ మీద ఒక కాలు నేలకానించి నిలబడి ఉంది. కారు అరగంట కిందటే వచ్చిందట. పట్టీలు సడలలేదట. పనసకాయ క్షేమమట.

"తొక్కావా? సముద్రం దాకా వెళ్లావా?"

"లేదు. నువ్వు వచ్చాక అని." సైకిల్ వెనక సీటు చేత్తో తట్టింది. "ఎక్కు."

"అరవై నాలుగే!"

"తెలుసమ్మా. కోటబొమ్మాళి అంతా విన్నాది."

ఒక పక్కకు కూర్చున్నాను. సైకిల్ ఎడమకు పోయింది, కుడికి పోయింది, ఒక మేకను తప్పించుకుంది, అప్పుడు దారికొచ్చింది. వెనక నుంచి ఎర్రమ్మ బేసిన్లు మోగిస్తూ అరిచింది: "మెల్లగా తొక్కు పాపా! అది పనసకాయ కాదు, మీ యమ్మ!" హారిక నవ్వుతూంటే దాని వీపు నా భుజానికి తగులుతూ అదురుతోంది. లైట్‌హౌస్ దాటాం. గాలి ఒక్కసారిగా మొహం మీద పడింది. నా జడ విడిపోయింది. ఇసక మొదలయ్యే చోట ముందు చక్రం దిగబడి ఇద్దరం పక్కకు ఒరిగి కూలబడ్డాం. నా మోచెయ్యి చీరుకుంది. నవ్వి నవ్వి లేవలేకపోయాం.

తర్వాత అది ఒక్కతే తొక్కింది. అలలకు తడిసి గట్టిపడిన ఇసక మీద, పడవల దగ్గర్నుంచి వంశధార సముద్రంలో కలిసే వైపు చిన్న చుక్క అయ్యేదాకా వెళ్లి, మళ్లీ పెద్దదవుతూ వచ్చింది. అలా ఎన్నిసార్లో. మా ఆయన మడతమంచం ఇసకలో వేస్తే అత్తమ్మ దాని మీద కూర్చుని, పళ్లసెట్టు పెట్టుకుని, మనవరాలు దగ్గరికొచ్చినప్పుడల్లా చప్పట్లు కొట్టింది.

ఈసారి వస్తూ వస్తూ హారిక రెండు చేతులూ హ్యాండిల్ మీంచి వదిలేసింది. రెక్కల్లా చాచింది. పట్టుకోవే అని అరవబోయాను. అది నన్నే చూస్తూ వస్తోంది. మోచేతి నెత్తురు తుడుచుకుని, నేనూ రెండు చేతులూ పైకెత్తాను.